సేద్యం ఎవరిదని అడిగిన ఊరికి వెళ్ళొచ్చాను

శ్రీలంక నుంచి వచ్చి ఇరవై రోజులైంది. ఇప్పటికీ వీధిలో ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న, "ఏం తెచ్చావే?" అని. టీ పొడి తెచ్చాను, దాల్చినచెక్క తెచ్చాను, కాసిని లవంగాలు తెచ్చాను. అవన్నీ పంచేశాను. పంచడానికి వీల్లేకుండా నా దగ్గర మిగిలింది కోపం ఒక్కటే. అది చల్లారాక తీరిగ్గా రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు. కాబట్టి వేడిమీదే రాస్తున్నాను, చదివేవాళ్ళు కాస్త సర్దుకోవాలి.

ముందు నా సంగతి చెప్పాలి. మాది భట్టిప్రోలుకీ రేపల్లెకీ మధ్య ఒక పల్లె. నా పేరు నూర్జహాన్. తెనాలిలో డిగ్రీ చదివాను. రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. మా నాన్న మస్తాన్ మూడెకరాలు కౌలుకి చేస్తాడు. కుర్రకారుని పొరుగు దేశాలకి పంపే ఒక సంస్థ వాళ్ళు శ్రీలంక పల్లెటూరి బడిలో నెల రోజులు పాఠాలు చెప్పడానికి వాలంటీర్లు కావాలన్నారు. టికెట్టు వాళ్ళదే, తిండీ వాళ్ళదే. దరఖాస్తు పెట్టాను, వచ్చేసింది.

మా వైపు వాలంటీరంటే నిన్న మొన్నటిదాకా ఒకటో తారీకున తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టిన మనిషి. అందుకని మా పక్కింటి పెద్దమ్మ, "పింఛన్లు పంచడానికి సముద్రం దాటాలా ఏంటే? ఇక్కడ ముసలాళ్ళు అయిపోయారా?" అని వీధంతా వినేలా అడిగింది. పాఠాలు చెప్పడానికి పెద్దమ్మా అంటే, "జీతం ఎంతిస్తారు?" అంది. ఇవ్వరని చెప్పాను. ఆవిడ నా వంక జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తెనాలి: కాఫీ ఇచ్చారు

అక్టోబరు మొదటి వారంలో బయల్దేరాను. రేపల్లెలో రైలెక్కించి వెనక్కి వెళ్ళిపోతాడనుకున్న నాన్న నాతోపాటే ఎక్కి కూర్చున్నాడు. భట్టిప్రోలు దాటింది, వేమూరు దాటింది, మాట్లాడడు. కిటికీలోంచి చేలు చూస్తున్నాడు. వరి పొట్టమీద ఉంది, ఈ ఏడు కాలవ నీళ్ళు కూడా సరిగ్గానే అందాయి. తెనాలిలో దిగాక అసలు సంగతి బయటపెట్టాడు. "మాస్టారింటికి వెళ్ళి ఒక మాట చెప్పి పోదామమ్మాయ్. దూరం పోతన్నావు, బాగుంటది." చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం అంచు కనిపిస్తోంది. నన్ను అడ్డం పెట్టుకుని ఆ కాగితం అడగబోతున్నాడని అప్పుడర్థమైంది.

నాన్న చేసే పొలం మాస్టారిది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, తెనాలిలో సొంత ఇల్లు, పిల్లలు హైదరాబాదులో వ్యాపారాలు చేసుకుంటున్నారు. పదకొండేళ్ళుగా ఆ మూడెకరాలూ నాన్నే దున్ని, నాటించి, కోయించి, కౌలు ధాన్యం ముందుగా మాస్టారికి తోలి, మిగిలింది ఇంటికి తెస్తున్నాడు. ఇదంతా నోటిమాట మీదే, ఎక్కడా కాగితం లేదు. కౌలుదారుకి ప్రభుత్వం కార్డు ఒకటిస్తుంది. అది ఉంటే పంట నాన్న పేరున నమోదవుతుంది, బ్యాంకు అప్పివ్వడానికి మొహం చూపిస్తుంది, వాన ముంచితే వచ్చే పరిహారం నాన్న చేతికే వస్తుంది. దానికి భూమి యజమాని సంతకం ఒకటి పెట్టాలి. మా వైపు యజమానులు పెట్టరు. గట్టిగా అడిగిన కౌలుదారు వచ్చే ఏడు ఆ పొలం గట్టు ఎక్కడు. రెండు బస్తాలు ఎక్కువిస్తామంటూ పొలం కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

మాస్టారు మంచి మనిషి. ఇది వెటకారంగా అనడం లేదు. వాళ్ళావిడ మాకు పెసరట్లు పెట్టి, కాఫీ ఇచ్చింది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివారు.

"మస్తానూ, నీ మీద నాకు అనుమానం ఉంటే పదకొండేళ్ళు ఎందుకు ఉంచుతానయ్యా? నా బాధ నీతో కాదు. కాగితం అన్నాక కాగితమే. రేపు నేను లేకపోతే పిల్లలకి చిక్కు."

"అట్టాగేనండి," అన్నాడు నాన్న. మాస్టారి మాట ఇంకా పూర్తి కానేలేదు.

నేను ఉండబట్టలేక, "సార్, ఆ కార్డు పదకొండు నెలలకేనండి. భూమి మీద ఏ హక్కూ రాదని దాంట్లోనే రాసుందండి," అన్నాను.

"చదువుకున్నదానివి, నీకు తెలియందేముందమ్మా. ఇవాళ పదకొండు నెలలంటారు. రేపు చట్టం మార్చరని నువ్వు రాసిస్తావా?" అని నవ్వారు.

రెండేళ్ళ కిందట పంట మునిగినప్పుడు పరిహారం మాస్టారి ఖాతాలో పడింది. నాన్న వెళ్ళి అడిగితే, "పడ్డాయా? నేను చూసుకోలేదే," అన్నారట. నిజంగానే చూసుకోలేదు, నాకు నమ్మకమే. మాకు ఏడాది బియ్యమయ్యే డబ్బు ఒక మనిషి ఖాతాలో పడి, ఆయనకి తెలియకుండా ఉండటమే నన్ను మండించింది. చూసుకున్నాక ఆయన ఏం చేశారో నాన్న మళ్ళీ అడగలేదు.

లేచేటప్పుడు మాస్టారు నా చేతిలో రెండు ఐదు వందల నోట్లు పెట్టారు. "విదేశం పోతున్నావు, దారిలో ఉంచుకో." వద్దనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి ఆ నోట్లు తీసేసుకుంది. నాన్న మడత కాగితం మళ్ళీ జేబులో పెట్టుకుని, నన్ను చెన్నై బండెక్కించి వెళ్ళిపోయాడు.

కొలంబో: బెల్లం ముక్క

విమానం గురించి రాయను. ఎక్కినవాళ్ళకి తెలుసు, ఎక్కనివాళ్ళకి దాంట్లో చూడాల్సిందేమీ లేదు. కొలంబోలో దిగి బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. పాలు లేని టీ ఇచ్చారు, పక్కన చిన్న కాగితం మీద ఒక బెల్లం ముక్క. చక్కెర బదులు కాబోలనుకుని ముక్కని గ్లాసులో వేసి వేలితో తిప్పాను. కొట్టావిడ పకపకా నవ్వింది. బెల్లాన్ని కొద్దిగా కొరికి, దాని మీద టీ గుటక వేయాలట. ఆవిడే కొరికి చూపించింది. చూపించినందుకు ఇంకో ముక్క ఇచ్చింది, దానికి డబ్బు తీసుకోలేదు. టీ యాభై రూపాయలు, మన డబ్బుల్లో పదిహేను. తెనాలి స్టేషను బయట కూడా అంతే.

కొట్టావిడకి ఇంగ్లీషు కొద్దికొద్దిగా వచ్చు. ఇండియా అనగానే మొహం విప్పారింది. ఆ దేశం దివాలా తీసిన ఏడాది పెట్రోలు కోసం వాళ్ళాయన ఆటోలోనే రెండు రోజులు పడుకున్నాడట. గ్యాసు లేక కొట్టు మూసి, ఇంట్లో కట్టెల మీద వండుకున్నారట. "అప్పుడు మీ దేశం బియ్యం పంపింది. మీ ఊళ్ళో అందరూ బాగుంటారు కదా," అంది.

బియ్యం పంపిన సంగతి నిజమే. ఆ బియ్యం పండించినవాళ్ళు ఎలా ఉంటారో చెప్పడానికి నా దగ్గర చిన్న ఇంగ్లీషు మాటలు లేకపోయాయి. బాగుంటారు అన్నాను.

నాతోపాటు ఆ ప్రయాణంలో హాలెండు నుంచి వచ్చిన మరైకె అనే అమ్మాయి ఉంది. నా వయసే. బస్సులో కూర్చున్న దగ్గర్నుంచి ఫోటోలు తీస్తూనే ఉంది. "వీళ్ళ దగ్గర ఏమీ లేదు, అయినా ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. మనం నేర్చుకోవాలి," అంది. ఆ 'మనం'లో నన్ను ఎందుకు కలుపుకుందో నాకు తెలియలేదు. వాళ్ళు నవ్వకపోతే నువ్వు ఫోటో తీసుకోవు కదా అన్నాను. ఆ తర్వాత అనురాధపురం దాకా మాటల్లేవు. పాపం, మంచి పిల్లే. మర్నాడు నేనే వెళ్ళి పలకరించాను.

అనురాధపురం అవతల: కారిన గోంగూర

అనురాధపురం నుంచి గంటన్నర లోపలికి ఒక పల్లె. పెద్ద చెరువు, దాని కింద పొలాలు, పొలాల పక్కన ఇళ్ళు. మరైకెని వేరే ఇంట్లో ఉంచారు. నన్ను సోమావతి అనే ఆవిడ ఇంట్లో దించారు. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు. కూతురు నీల్మిణి నేను పాఠాలు చెప్పాల్సిన బళ్ళోనే టీచరు. నీల్మిణికి ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి ఇక మీదట సోమావతి అన్నదని నేను రాసేదంతా నీల్మిణి నోట విన్నదే.

సంచీ విప్పితే ఘోరం. అమ్మ ప్రేమగా కట్టిన గోంగూర పచ్చడి సీసా మూత ఊడి, నా చుడీదార్లన్నీ నూనె తాగేశాయి. నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే, సోమావతి ఒక చుడీదారు అందుకుని వాసన చూసి, అంటుకున్న పచ్చడి వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. ఆ రాత్రి సీసాలో మిగిలిన గోంగూర ఎర్రన్నంలో కలుపుకుని ముగ్గురం తిన్నాం. మర్నాటి నుంచి వాళ్ళ తిండి మొదలు. కొబ్బరికోరు, ఎండుమిరప, ఉల్లిపాయ దంచి నిమ్మకాయ పిండిన పచ్చడి, కొబ్బరిపాలల్లో ఉడికిన పప్పు, ఎండుచేపల కూర. ఆ ఎండుచేపల వాసనకి నిజాంపట్నం గుర్తొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. అక్కని వాళ్ళూ అక్కే అంటారు, అమ్మని అమ్మే అంటారు. కూతుర్ని మాత్రం దువా అంటారు. మూడో రోజు నుంచి సోమావతి నన్ను దువా అని పిలిచింది.

అక్కడంతా బాగుందని నేను చెప్పడం లేదు. ప్రభుత్వం ఎరువులు రాకుండా ఆపేసిన ఏడాది సోమావతి చేను జానెడు ఎదిగి ఆగిపోయిందట. చెవి కమ్మలు తాకట్టుకి వెళ్ళాయి, తిరిగి రాలేదు. ఇప్పుడు కుట్లలో చీపురుపుల్లలు పెట్టుకుని తిరుగుతోంది. ధాన్యం కోశాక మిల్లువాళ్ళు చెప్పిందే రేటు. బళ్ళో పిల్లలు నలుగురైదుగురు పొద్దున్న తినకుండా వస్తారు, నీల్మిణి తన టిఫిన్ లోంచి పెడుతుంది. కొబ్బరికాయ రెండు వందలు, మన లెక్కలో అరవై పైనే. కొబ్బరి లేకుండా కూరే వండనివాళ్ళకి అదెంత కష్టమో వంట చేసే ఎవరికైనా తెలుస్తుంది. వాళ్ళ కష్టాలు, మా కష్టాలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదనుకున్నాను. రెండో ఆదివారం దాకా అలాగే అనుకున్నాను.

చెరువు కింద మీటింగు

ఆ ఆదివారం సోమావతి తెల్ల చీర కట్టుకుంది. గుడికేమో అనుకున్నాను. మీటింగుకట. పంట వేసే ముందు ఆ చెరువు కింద సేద్యం చేసేవాళ్ళంతా ఒకచోట కూర్చుని, తూము ఎప్పుడెత్తాలి, దమ్ము ఎప్పటికి పూర్తి కావాలి, గొడ్లని ఏ రోజు నుంచి కట్టేయాలి, అన్నీ తేల్చుకుంటారు. ఆఫీసర్లు వస్తారు గానీ చెప్పిపోవడానికి కాదు, అందరిముందూ ఒప్పించుకోవడానికి. కన్న మీటింగు అంటారు దాన్ని, కన్న అంటే వాళ్ళ భాషలో పంటకాలం. నీల్మిణి నన్నూ తీసుకెళ్ళింది.

బడి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. నూటయాభై మంది దాకా ఉన్నారు. పసుపురంగు చొక్కా వేసుకున్న ఒకాయన సోమావతి వరసలోనే నాలుగు కుర్చీల అవతల కూర్చున్నాడు. ఆమె చేసే పొలం ఆయనదని నీల్మిణి చెవిలో చెప్పింది. పట్నంలో హార్డ్‌వేర్ కొట్టుందట. సోమావతి కౌలుదారు అని అప్పటిదాకా నాకు తెలియదు. సొంత పొలమే అనుకున్నాను, ఆ నడకా ఆ మాటా చూసి.

తూము ఎత్తే తేదీ ఆఫీసరు చదవగానే సోమావతి లేచింది. కింది పొలాలకి నీళ్ళు చేరేసరికి వారం పడుతుంది, ఆ తేదీ కుదరదు, ఐదు రోజులు ముందే ఎత్తమంది. పసుపు చొక్కా ఆయన అడ్డం చెప్పాడు, వానలు పడనిద్దాం అన్నాడు. సోమావతి ఆయన వైపు తిరిగి ఏదో అంది, హాలంతా నవ్వింది. "దమ్ములో దిగేది నేనా నువ్వా అని అడిగింది," అని నీల్మిణి చెప్పింది. ఆయన కూడా నవ్వాడు. చివరికి మూడు రోజులు ముందే ఎత్తాలని తేలింది.

మాస్టారి ముందు మా నాన్న అలా అనడం నేను ఊహించుకోవాలని చూశాను, కుదరలేదు.

తర్వాత ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. ఒక్కో మడికీ ఒక వరస. ఒక గడిలో భూమి ఎవరిదో రాసుంది, పక్క గడిలో సేద్యం ఎవరిదో రాసుంది. మార్పులుంటే చెప్పమని పేర్లు పైకి చదివారు. సోమావతి పేరు రెండో గడిలో వినపడింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు, పక్కావిడతో మాట్లాడుతోంది. ప్రతి ఏడూ వినే పేరే కదా.

మీటింగయ్యాక టీలు ఇచ్చారు. ఇండియా నుంచి వచ్చిన పిల్లని నేనేనని తెలిసి నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. మీ నాన్న ఏం చేస్తాడన్నారు. సేద్యం, వరి అన్నాను. ఏ వరి అన్నారు. బీపీటీ అని, అది మా బాపట్లలోనే పుట్టిన రకమని కాస్త గర్వంగానే చెప్పాను. మీ ఊరి పుస్తకంలో మీ నాన్న పేరు ఏ గడిలో ఉంటుంది అని సోమావతి అడిగింది.

ఏ గడిలోనూ ఉండదన్నాను. నీల్మిణి తను తప్పుగా తర్జుమా చేశాననుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. పంట ఎవరి పేరున ఉంటుందన్నారు. భూమి యజమాని పేరున. ఆయన చేలోకి వస్తాడా? రాడు. నీళ్ళు ముంచితే ఎవరి పంట పోతుంది? మా నాన్నది. పోయినదానికి డబ్బిస్తే ఎవరికి వస్తుంది? ఆయనకి.

సోమావతి నెమ్మదిగా ఏదో అంది. నీల్మిణి తర్జుమా చేయకుండా నేల చూసింది. చెప్పి తీరాలన్నాను.

"మీ నాన్న ఎందుకు ఊరుకుంటున్నాడని అడుగుతోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్నని అనడానికి నువ్వెవరు, మా ఊళ్ళో నాలుగు రోజులుండి చూడు, నోరు తెరిస్తే పొలం పోతుంది, పొలం పోతే ఏం తింటాం అని గబగబా అనేశాను. తెలుగులో అన్నాను. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు గానీ సోమావతి నా చేతిలో టీ గ్లాసు తీసి పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పూటంతా అన్నం సహించలేదు. అడగకూడనిది అడిగిందని కాదు. పదకొండేళ్ళుగా నేనే అడగాల్సింది ఎవరో పరాయి మనిషి అడిగిందని.

ఇంటినుంచి ఫోను

నెలాఖరులో టీవీలో మన తీరం బొమ్మ కనపడింది. వాయుగుండం. రెండు రోజులు నాన్న ఫోను కలవలేదు. మూడో రోజు ఆయనే చేశాడు.

"అన్నం తిన్నావా అమ్మాయ్?"

"చేను ఎట్టుంది నాన్నా?"

"పడుకుంది. మురుక్కాలవ ఎగదన్నింది. మోకాటి లోతుంది నీళ్ళు. కంకి పాలు పోసుకునే టైమమ్మా. పది రోజులు ఆగితే గట్టిపడేది," అన్నాడు.

నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చారా అని అడిగాను. వచ్చారట. ఎవరి పేరు రాశారని అడగడానికి భయమేసింది, అడిగాను. "ఇంకెవరి పేరు రాస్తారు? కంప్యూటర్లో ఉన్నదే రాస్తారు." జాబితా ఊళ్ళో గోడకి అంటించారు, అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి గడువిచ్చారు. నేను వచ్చేదాకా ఆగు నాన్నా, సోమవారం బాపట్ల వెళ్ళి కలెక్టరాఫీసులో అర్జీ పెడదాం అన్నాను. ఆయన సరేనన్నాడు. ఫోనులో సరేననడం నాన్నకి సులువు.

తిరిగొచ్చే రోజు సోమావతి ఎర్రబియ్యం మూట కట్టిచ్చింది. మీ నాన్నకి అంది. మరైకె సంస్థవాళ్ళకి రాసే రిపోర్టులో ఏం రాస్తున్నావని అడిగింది. అందరూ బాగా చూసుకున్నారని రాశాను.

బాపట్ల: సోమవారం

ఇంటికొచ్చేసరికి నాన్న చేలో ఉన్నాడు. నీళ్ళు తీశాయి. పడిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి, వాటి ఆకుల్తోనే కట్టి నిలబెడుతున్నాడు. మూడెకరాలు, అమ్మా ఆయనా ఇద్దరే. కూలోళ్ళని పిలిస్తే వచ్చే గింజకంటే కూలి ఎక్కువవుతుంది. నేనూ దిగాను. రెండు రోజులు వంగి కడితే ఎకరం కూడా కాలేదు.

సోమవారం పొద్దున్నే రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కాం. అర్జీ నేనే రాశాను. సర్వే నంబరు, ఎన్నేళ్ళుగా చేస్తున్నాడో, ఎవరెవరికి తెలుసో, అన్నీ. దారి పొడుగునా రోడ్డుకి రెండు పక్కలా చేలు పడుకునే ఉన్నాయి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తువ్వాలు మాత్రం రోజూ తలకి చుట్టుకునేదే. "మాస్టారికి తెలిస్తే?" అని చెరుకుపల్లిలో ఒకసారి, బాపట్లలో దిగుతూ ఒకసారి అడిగాడు. తెలియనీ అన్నాను. నాన్న పేరు పుస్తకంలో పడాలి, ఆ మూడెకరాల పక్కన మస్తాన్ అని రాసుండాలి, అంతవరకే నా బుర్రలో ఉంది.

కలెక్టరాఫీసు హాలు సోమవారం అర్జీలు పెట్టుకునేవాళ్ళతో కిక్కిరిసి ఉంది. టోకెన్ ఇచ్చారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. టేబులు దగ్గర కూర్చున్న ఆఫీసరమ్మ నాకంటే ఐదారేళ్ళు పెద్దదేమో. విసుగు లేకుండా అర్జీ మొత్తం చదివింది. "కూర్చోండి," అని మా నాన్నకి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

ఆవిడ కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి, తెర మా వైపు తిప్పింది. పంట నమోదప్పుడు చేలో తీసిన ఫోటో. మోకాలి దాకా దిగబడి, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండకి కళ్ళు చిట్లించుకుని మా నాన్న. కింద రైతు పేరు అన్నచోట మాస్టారి పేరు.

నాకు లేచి అరవాలనిపించింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆఫీసరమ్మ కూడా ఫోటో వంకా, నాన్న వంకా, ఆ తువ్వాలు వంకా చూసింది. ఆవిడకి అర్థమైంది. మొహంలో తెలిసింది.

"ఈ ఫోటోలో ఉన్నది మీరే కదండీ?"

"నేనేనండి."

"పొలం సాగు చేసేది మీరేనా?"

నాన్న తల ఊపబోయాడు. అంతలో ఆవిడ, "అయితే యజమానికి నోటీసిస్తామండి. ఆయన్నీ మిమ్మల్నీ ఎదురెదురుగా పిలిచి విచారిస్తారు. ఆయన కాదంటే చుట్టుపక్కల రైతుల్ని అడుగుతారు. భయపడాల్సిందేం లేదు," అంది. మంచి మాటే చెప్పింది. పద్ధతి ప్రకారం చెప్పింది.

నాన్న నా వంక చూడలేదు.

"వద్దండి మేడం. పొలం మాస్టారే చేయించుకుంటారండి. నేను చూసిపెడతానండి, అంతే. ఆ రోజు ఎవరో ఒకరు నిలబడాలంటే నిలబడ్డానండి ఫోటోకి."

"నాన్నా," అన్నాను. గొంతు పెద్దదైంది, వెనక క్యూలో వాళ్ళు చూశారు.

"నువ్వూరుకో అమ్మాయ్. పిల్ల చదువుకుందండి, దానికి పొలం సంగతులు తెలియవండి," అన్నాడు ఆఫీసరమ్మతో, నవ్వుతూ.

ఆవిడ అర్జీని చేతిలో పట్టుకుని, "మళ్ళీ ఆలోచించుకోండి. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఈ పంటకి మళ్ళీ అవకాశం రాదు," అంది. ఆలోచించుకున్నానండి అన్నాడు. ఇక ఆవిడ చేసేదేముంది? ఒక కాగితం మీద నాలుగు వరసలు రాసి, పైకి చదివి వినిపించింది. ఫలానా సర్వే నంబరులోని మూడెకరాలు తాను సాగు చేయడం లేదనీ, ఆ పంట మీద తనకి ఏ హక్కూ లేదనీ, అర్జీని తన ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాననీ. మా నాన్నకి పెన్నిచ్చింది.

నాన్న అయిదో తరగతి దాకా చదివాడు. సంతకం నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా పెడతాడు. గోళ్ళ సందుల్లో ముందురోజు కట్టిన దుబ్బుల మట్టి ఇంకా ఉంది. ఆఫీసరమ్మ ముద్ర వేసి, నంబరేసి, ఫైల్లో పెట్టింది.

పదకొండేళ్ళుగా ఆ పొలం తాలూకు ఒక్క సర్కారు కాగితం మీదా లేని మా నాన్న పేరు ఆ రోజే ఎక్కింది. తాను రైతుని కాదని రాసి, కింద మస్తాన్ అని సంతకం పెట్టాడు.